ఫీజు కూడా హలాల్ కావాలి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడు, షుగర్ గురించి చెప్పు, అందరికీ పనికొస్తుంది" అన్నాడు. షుగర్ గురించి చివర్లో చెప్తాను. అంతకంటే ముందు కొన్నేళ్లుగా ఆదివారాలు నేను చేస్తున్న ఒక పని గురించి చెప్పాలనుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల నుంచి ఎంబీబీఎస్ చదివి వస్తున్న ముస్లిం పిల్లలతో కూర్చుంటాను. డాక్టరుగా ఇస్లాం విలువలతో బతకడమంటే ఏమిటి అని మాట్లాడుకుంటాం. ఈ విషయం ఎత్తుతానంటే ఒక మిత్రుడు "బడి ఫంక్షన్లో మతం మాట ఎందుకురా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఒకటే. రేపు ఆ పిల్లల ముందు స్టూలు మీద కూర్చునే రోగులు మీరు, మీ అమ్మానాన్నలు. వాళ్లు ఏ విలువలతో మీ నాడి పట్టుకుంటారో తెలుసుకునే హక్కు మీకుంది.

ముందు ఆ పిల్లలెవరో చెప్పాలి. మా కాలంలో మెడిసిన్ సీటు అంటే హైదరాబాద్, వరంగల్ మాట. తర్వాత 1998లో ఖమ్మంలో మమత, 1999లో నార్కట్‌పల్లిలో కామినేని వచ్చాయి. అవి ప్రైవేటు కాలేజీలు. హైదరాబాద్‌లో 1984లోనే దక్కన్ మెడికల్ కాలేజీ మైనారిటీ సంస్థగా మొదలైంది కానీ, మన పాత నల్లగొండ జిల్లాలో సైకిల్ రిపేరు చేసుకునే ఇంటి పిల్లవాడికి అది కూడా చాలా దూరమే. రెండు మార్పులు వాళ్లను డాక్టర్లను చేశాయి. ఒకటి 2007లో ముస్లింలలోని వెనుకబడిన 14 వర్గాలకు బీసీ-ఇ కింద ఇచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్. కోర్టుల్లో ఎన్ని మలుపులు తిరిగినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది నడుస్తూ వచ్చింది. దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. రెండోది 2019లో సూర్యాపేటలో, నల్లగొండలో ఒకేసారి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు రావడం. ఒక్కోదానిలో 150 సీట్లు. పండ్ల బండి మీద బతికిన ఇంట్లో, టైలరింగ్ షాపు ఇంట్లో, లారీ క్లీనర్ ఇంట్లో మొదటిసారి మెడలో స్టెతస్కోపు పడింది. సీటు దొరకనివాళ్లు కొందరు ఉన్న ప్లాటు అమ్ముకుని ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్ వెళ్లి చదివి, ఇక్కడికొచ్చి పాసు కావాల్సిన పరీక్ష కోసం ఏళ్లు కూర్చున్నారు.

ఈ సంగతి గుర్తుంచుకోండి. అప్పు చేసి చదివిన పిల్లవాడికి విలువల పాఠం చెప్పడం వేరు, తాత ఆస్తి మీద చదివినవాడికి చెప్పడం వేరు.

మొదటి ఆదివారం నేను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇస్లామీయ డాక్టరు అంటే ఎవరు?" జవాబులు కూడా దాదాపు అవే వస్తాయి. గడ్డం ఉండాలి, హిజాబ్ ఉండాలి, క్లినిక్‌లో ఆయతు ఫ్రేము కట్టించి పెట్టాలి, నమాజ్ టైముకు ఓపీ ఆపాలి, ప్రిస్క్రిప్షన్ పైన బిస్మిల్లాహ్ రాయాలి. ఏదీ తప్పు కాదు. నేనూ బిస్మిల్లాహ్ అనే సూది పట్టుకుంటాను. కానీ ఇవన్నీ డాక్టరుకూ దేవుడికీ మధ్య విషయాలు. రోగికి వీటితో ఒరిగేదేమిటి? ఆ ప్రశ్న వేస్తే గది కాసేపు నిశ్శబ్దమవుతుంది.

కొందరు కలోంజీ, తేనె, హిజామా గురించి ఎత్తుతారు. ప్రవక్త వైద్యం పేరుతో మన ఊళ్లలో ఇప్పుడు దుకాణాలే వెలిశాయి. కిడ్నీ చెడిపోయినవాళ్లు కూడా డయాలిసిస్ ఆపేసి వాటి వెంట పడుతున్నారు. నేను పిల్లలకు అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు గుర్తుచేస్తాను. వైద్యం తెలియకుండా వైద్యం చేసి నష్టం తెచ్చినవాడే ఆ నష్టానికి జవాబుదారీ అని దాని సారాంశం. అంటే ఇస్లాంలో వైద్యుడికి మొదటి విలువ చదువు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం, తన చేతిలో లేని కేసును సమయం మించకముందే పైకి పంపడం, గైడ్‌లైన్ మారితే మళ్లీ చదవడం. రాత్రి రెండు గంటలకు గుండెపోటు ఈసీజీ చదవడం రాని డాక్టరు తహజ్జుద్ నమాజ్‌కు లేచినా రోగి బతకడు. కొంచెం కటువుగా ఉంటుంది ఈ మాట. కానీ పిల్లలు నవ్వరు, నోట్ చేసుకుంటారు.

ఇక రెండో ఆదివారం. ఆ రోజు మాట్లాడేది కవరు గురించి.

మన ఊళ్లలో ఆసుపత్రి ఎలా నడుస్తుందో ఈ సభలో చాలామందికి తెలుసు, ఎవరూ పైకి అనరు. ఊళ్లో జ్వరమొస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన సెలైన్ పెడతాడు. తగ్గకపోతే బండి మీద ఎక్కించుకుని తనే పట్నం ఆసుపత్రికి తీసుకొస్తాడు. రోగి చెల్లించే బిల్లులో ఆయనకు కొంత వాటా వెళుతుంది. స్కాన్ రాస్తే స్కానింగ్ సెంటరు నుంచి డాక్టరుకు కొంత, రక్తపరీక్షకు ల్యాబు నుంచి కొంత, పెద్ద ఆసుపత్రికి పంపితే అక్కడి నుంచి కొంత. నెల చివర లెక్క కట్టి కవరులో పెట్టి పంపుతారు. ఇప్పుడు ఫోన్‌లోనే వేస్తున్నారట, కవరు ఖర్చు కూడా మిగిలింది. 2002లో మెడికల్ కౌన్సిల్ తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. నియమం పుస్తకంలో ఉంది. కవరు టేబుల్ సొరుగులో ఉంది.

మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లకు దీన్ని ధాన్యం భాషలో చెప్తే వెంటనే అర్థమవుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు ట్రాక్టరెక్కి మిల్లుకొచ్చాక కాంటా దగ్గర రైతు గుండె దడదడలాడుతుంది. తేమ పేరుతో, తాలు పేరుతో తరుగు తీస్తారు. ఆ తరుగు మీద రోడ్డెక్కిన రైతులను మనం చూశాం. తూకంలో మోసం చేసేవాళ్ల పేరు మీదే దివ్య ఖురాన్‌లో ఒక అధ్యాయం ఉంది, 83వది, అల్‌ముతఫ్ఫిఫీన్. మా పిల్లలకు అది కంఠతా వచ్చు. అప్పుడు అడుగుతాను: అవసరం లేని స్కాన్ రాయడం ఏమిటి? మూడు రోజులు చాలిన రోగిని ఐదు రోజులు ఉంచడం ఏమిటి? అది రోగి మీద తీసే తరుగు కాదా? రైతు కనీసం కాంటా ముల్లు చూడగలడు. మన కాంటా మన తలకాయలో ఉంటుంది, రోగికి కనపడదు.

మా ఇళ్లలో మాంసం కొనేటప్పుడు ఎంత జాగ్రత్తో మీకు తెలుసు. ఎవరు కోశారు, హలాలా కాదా అని అడగనిదే కొనరు. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూసి జెలటిన్ ఉందేమోనని వెతుకుతారు. ఆ మాంసం కొన్న డబ్బు ఏ బిల్లులోంచి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. దావత్‌కు పిలిచి ముద్ద హలాల్ పెట్టి, ముద్దను సంపాదించిన ఫీజు సంగతి వదిలేస్తే సగం హలాలే అయినట్టు. ఈ మాట మసీదులో కూడా అన్నాను. కొందరు పెద్దలకు నచ్చలేదు. నా వయసు వల్ల ఊరుకున్నారు.

ఒక హౌస్ సర్జన్ అమ్మాయి నన్ను నిలదీసింది. "సార్, మీరు స్థిరపడ్డారు కాబట్టి చెప్తున్నారు. మా అబ్బా నా చదువుకు ఎనిమిది లక్షలు అప్పు చేశాడు. కమీషన్ ఇవ్వకపోతే నా క్లినిక్‌కు పేషెంట్ ఎలా వస్తాడు?" అంది. ఆ ప్రశ్నకు సూక్తితో జవాబు చెప్పకూడదు. నేను లెక్క చెప్పాను. మొదలుపెట్టిన రెండేళ్లు నా ఓపీ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. ఎదురుగా ఉన్న క్లినిక్ ముందు జనం. నేను చేసింది ఇంతే. ఆర్‌ఎంపీ ఎవరినైనా పంపితే ఆ రోగి చేతికి ఉత్తరం రాసి ఇచ్చేవాణ్ణి: మీరు సమయానికి పంపారు, జబ్బు ఇది, మందులు ఇవి, ఈ లక్షణం కనిపిస్తే మళ్లీ పంపండి అని తెలుగులో. డబ్బు మాత్రం ఇవ్వలేదు. కొందరు రావడం మానేశారు. కొందరు నిలిచారు. వాళ్లలో ఒకాయన తన భార్యకు జబ్బు చేస్తే కమీషన్ ఇచ్చే ఆసుపత్రులన్నీ దాటుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆర్‌ఎంపీలను నేను తిట్టడం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది ఆయనే. ఆయన్ని దొంగగా చూడటం కంటే యాంటీబయాటిక్ ఎందుకు ఇష్టమొచ్చినట్టు వాడకూడదో, స్టెరాయిడ్ సూది ఏం చేస్తుందో కూర్చోబెట్టి చెప్పడం మేలు. ఆ అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పాను. అప్పు తీరేదాకా ప్రభుత్వ ఉద్యోగం చెయ్యి, జీతం తీసుకో, క్లినిక్‌కు తొందరపడకు అని. విలువలు నిలబడాలంటే ముందు ఈఎంఐ తట్టుకోవాలి. మన ముస్లిం సంఘాల పెద్దలు జకాత్ డబ్బుతో పిల్లలకు సీటు వచ్చినప్పుడు శాలువా కప్పుతున్నారు. ఆ శాలువాల బదులు హౌస్ సర్జన్సీ అయిన ఏడాది అప్పు వాయిదాకు సాయం చేస్తే కవరు అక్కర్లేని డాక్టర్లు పదిమంది తయారవుతారు.

సిజేరియన్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రసవాల్లో ఆపరేషన్లు 21.5 శాతం ఉంటే మన తెలంగాణలో 60.7 శాతం. మన ఆడవాళ్ల శరీరాలు దేశంలోని మిగతా ఆడవాళ్ల కంటే వేరుగా లేవు. కొంత ముహూర్తాల కోసం అడిగేవాళ్ల వల్ల, కొంత నొప్పుల భయం వల్ల, కొంత బిల్లు వల్ల. గైనిక్ చదువుతున్న ముస్లిం అమ్మాయిలకు నేను చెప్పేది, రాత్రంతా కాన్పు దగ్గర కూర్చునే ఓపిక కూడా ఇబాదత్తే అని. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పమని వచ్చేవాళ్ల విషయంలో చర్చే లేదు. 1994 చట్టం ప్రకారం అది నేరం. ఆడశిశువును సజీవంగా పాతిపెట్టే ఆచారాన్ని ఖురాన్ ఎంత తీవ్రంగా ఖండించిందో చదివిన డాక్టరు ప్రోబ్ పట్టుకుని సైగ చేశాడంటే అతను చదివింది పెదవులతోనే.

ఇది నేను కనిపెట్టిన కొత్త సంగతేమీ కాదు. వెయ్యేళ్ల కిందటి వైద్యులు ఇదే తండ్లాట పడ్డారు. తొమ్మిదో శతాబ్దంలో అర్‌రుహావీ అనే ఆయన వైద్యుడి నడవడి మీదే ఒక గ్రంథం రాశాడు, అదబ్ అత్తబీబ్ అని. వైద్యుడు రోగిని చూసిన ప్రతిసారీ చేసిన వైద్యం రాసిపెట్టాలని, రోగి చనిపోతే ఆ కాగితాలను ఇతర వైద్యులు పరిశీలించాలని అందులో ఉందంటారు. కేస్‌షీట్ సరిగా రాయని మా పిల్లలకు ఈ ఒక్క ముక్క చాలు. అర్‌రాజీ ఆటలమ్మ కాదు, మశూచి, తట్టు జబ్బుల మధ్య తేడా విడమర్చిన మహా వైద్యుడు. ఆయనే వైద్యుడు అందుబాటులో లేని పేదల కోసం దొరికే వస్తువులతో చేసుకునే చికిత్సల పుస్తకం రాశాడు. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో ధనిక, పేద తేడా లేకుండా ఉచితంగా చూసేవారు.

నాకు అన్నింటికంటే ఇష్టమైన కథ హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్‌ది. బాగ్దాద్‌లో ఖలీఫా కొలువులో వైద్యుడు, గ్రీకు వైద్య గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన పండితుడు. ఖలీఫా ఆయన్ని పరీక్షించదలచి శత్రువును చంపడానికి విషం తయారు చేయమన్నాడట. బహుమానం ఆశ చూపాడు, జైల్లో పెట్టాడు, చంపుతానన్నాడు. హునైన్ లొంగలేదు. కారణం అడిగితే రెండు చెప్పాడు: తన మతం, తన వృత్తి. హునైన్ ముస్లిం కాదు, క్రైస్తవుడు. ఆ కథను తలతరాలుగా మెచ్చుకుని రాసిపెట్టింది ముస్లిం చరిత్రకారులు. ఇస్లామీయ విలువ అన్నది ముస్లింల సొంత ఆస్తి అనుకునే పిల్లలకు ఈ కథ చెప్తాను.

మన హైదరాబాద్ సంగతీ మరవద్దు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో వైద్యం ఉర్దూలో నేర్పారు. ప్రజల భాషలో వైద్యం అన్న ఆలోచన ఇక్కడ అప్పుడే ఉంది. దాన్నుంచి నేను తీసుకునే పాఠం మాత్రం కొంచెం వేరు. ఇవాళ మన పేషెంట్ భాష తెలుగు. ఇంట్లో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లిష్ మాట్లాడి పెరిగిన మా పిల్లల్లో కొందరికి "గుండెల్ల మంట", "కడుపుల తిప్పుడు", "నరం గుంజుడు" అంటే ఏమిటో తెలియదు. 2019 నుంచి నడుస్తున్న కొత్త సిలబస్‌లో నడవడి, నీతి, మాటతీరు నేర్పే పాఠాలు చేర్చారు. మంచిదే. కానీ మాటతీరు రావాలంటే ముందు మాట రావాలి కదా. ఈ బడిలో నాకు తెలుగు నేర్పిన సార్ వల్ల నాకు ఆ ఇబ్బంది రాలేదు. ఆయన "సాయిబుల పిల్లగాడికి ఛందస్సు ఎందుకు" అనలేదు. దెబ్బలు మాత్రం అందరికీ సమానంగా వేశారు.

ఇక ఆడవాళ్ల విషయం. ఇక్కడ కాస్త ఆగుతాను. రొమ్ములో గడ్డ కనపడిన తొలి నెలలోనే వచ్చే ముస్లిం స్త్రీలు నాకు చాలా తక్కువ. మగ డాక్టరుకు చూపించాలన్న సిగ్గుతో ఏడాది దాస్తారు. పుండు పడ్డాక, వాసన వచ్చాక తీసుకొస్తారు. ఇది ముస్లిం ఇళ్లకే పరిమితం కాదు, మన పల్లెల్లో అందరి ఇళ్లలోనూ ఉంది, మా దగ్గర కొంచెం ఎక్కువ. ధర్మశాస్త్రం ఏమంటుంది? లేడీ డాక్టరు దొరికితే ఆమెకు చూపించుకోవాలి, దొరకకపోతే మగ డాక్టరు అవసరమైనంత మేర చూడవచ్చు, ప్రాణం ముందు. మగపిల్లలకు నేను నేర్పేది ఒక క్రమం. ఏం చూడబోతున్నానో ముందు చెప్పు. అనుమతి అడుగు. కర్టెన్ వెయ్యి. నర్సో, ఇంటి మనిషో పక్కన ఉండనివ్వు. అవసరమైన చోటే బట్ట తొలగించు, పని కాగానే కప్పు. చూసింది, విన్నది ఎక్కడా మాట్లాడకు, భర్తకైనా సరే ఆమె ఒప్పుకుంటేనే చెప్పు. సర్కారు దవాఖానా వార్డులో ఒకే మంచం మీద ఇద్దరు ఉన్నప్పుడు ఇది కష్టం. దుప్పటి అడ్డం పట్టుకోవడానికి మాత్రం ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. మరియమ్మకైనా, మల్లమ్మకైనా, మెహబూబీకైనా ఇదే క్రమం.

అలాగని మా సమాజాన్ని ఒక ప్రశ్న అడగకుండా వదలను. "మా ఆడవాళ్లకు లేడీ డాక్టరే కావాలి" అని పట్టుబట్టే ఇళ్లలోనే పదో తరగతి కాగానే ఆడపిల్లకు సంబంధం చూస్తున్నారు. లేడీ డాక్టర్లు ఏ చెట్టుకు కాస్తారు? మీ బిడ్డ చదవకూడదు, ఎవరో ఒకరి బిడ్డ చదివి మీ భార్యకు కాన్పు చేయాలి. ఈ సభలో ఉన్న టీచర్లకు నా మనవి. తొమ్మిదో తరగతిలో సైన్స్‌లో బాగా రాణిస్తున్న ముస్లిం అమ్మాయి కనపడితే వాళ్ల నాన్నను బడికి పిలిపించండి. టీచరు మాటకు ఇంకా విలువ ఉంది.

మరో సంగతి మా పిల్లలకు చెప్పడం చాలా కష్టమైంది. మనది వ్యవసాయ ప్రాంతం. పురుగుల మందు తాగినవాళ్లు ఆసుపత్రికి వస్తూనే ఉంటారు. ఒక రాత్రి వార్డులో ఒక హౌస్ సర్జన్, మంచివాడు, నమాజీ, అలా వచ్చిన ఒక ముస్లిం యువకుడికి ఆత్మహత్య ఎంత పెద్ద పాపమో బోధిస్తుంటే విన్నాను. పక్కకు పిలిచాను. ఆత్మహత్య హరామ్ అన్నది నిజమే. కానీ ఆ యువకుడికి ఆ గంటలో కావలసింది అట్రోపిన్ సూది, కడుపు కడగడం, తర్వాత పక్కన కూర్చుని "ఏమైంది తమ్మీ" అని అడిగే మనిషి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలని, అతన్ని శిక్షించరాదని చెబుతోంది. తెల్లకోటు వేసుకున్న మనిషి మింబరు ఎక్కకూడదు. రోగి కదల్లేడు, లేచి వెళ్లిపోలేడు. వినక తప్పని మనిషికి ధర్మం బోధించడం ధర్మం కాదు.

ఇదే మాట ఇతర మతాల రోగుల విషయంలో ఇంకా గట్టిగా చెప్తాను. ఓపీ రిజిస్టర్‌లో "సైదులు" అన్న పేరు చూసి హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్త డాక్టర్లు సలాం చెప్తారు. ఆయన తెల్లబోతాడు. మన ప్రాంతంవాళ్లకు తెలుసు, సైదులు, సైదమ్మ అంటే జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందువుల బిడ్డలు కూడా. పాలకవీడు మండలంలోని ఆ దర్గా ఉర్సు జనవరిలో జరిగితే అక్కడికి వచ్చేవాళ్లలో ఎవరు ఎవరో విడదీయలేం. పేరు చూసి మతం పోల్చుకోలేని నేల మీద ప్రాక్టీస్ చేస్తున్నామని పిల్లలకు ముందే చెప్తాను. పోల్చుకోవలసిన అవసరం కూడా లేదు. రోగి ఏం తింటాడు, ఉపవాసం ఉంటాడా, అయ్యప్ప మాల వేసుకున్నాడా అని తెలుసుకోవాలి, అది మందు వేళల కోసం.

జాతీయ రహదారి 65 మీద కోదాడ, సూర్యాపేట మధ్య యాక్సిడెంట్లు కొత్త కాదు. రక్తమోడుతున్న మనిషిని ముందు పోలీసు కేసు అని తిప్పి పంపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా పిల్లలకు ఇందులో చర్చ అక్కర్లేకుండానే అర్థమవుతుంది. టీకాలు, జెలటిన్ క్యాప్సూళ్లు, పందినుంచి తీసే హెపారిన్ మీద ప్రశ్నలు వస్తాయి. ప్రాణాపాయం ఉండి వేరే దారి లేనప్పుడు నిషేధం సడలుతుందన్న సూత్రం మా ధర్మశాస్త్రంలో బలంగా ఉంది. పోలియో చుక్కల మీద ఉత్తరాదిలో వచ్చిన అపోహలను తొలగించడానికి అలీగఢ్, జామియా వంటి సంస్థలవాళ్లు, మౌలానాలు గడప గడపకు వెళ్లారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు. అవయవదానం మీద మాత్రం ఉలమాలలో ఇంకా భిన్నాభిప్రాయాలున్నాయి. నా అభిప్రాయం అనుకూలం. జిద్దాలో 1988లో అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ షరతులతో అనుమతించింది. ఏ అభిప్రాయమున్నా కుటుంబానికి సమాచారం దాచవద్దని మాత్రం పిల్లలకు చెప్తాను.

ఇప్పుడు కార్యదర్శి గారు అడిగిన షుగర్.

రంజాన్‌లో షుగర్ ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా రోజా ఉంటారు. చెబితే వద్దంటాడని భయం. కొందరు డాక్టర్లు నిజంగానే ఒక్క ముక్కలో "వద్దు" అని పంపేస్తారు. రోగి బయటికొచ్చి మందు మానేసి రోజా ఉంటాడు. నాలుగో రోజు స్పృహ తప్పి పడిపోతాడు. ఇక్కడే ముస్లిం డాక్టరు పనికొస్తాడు, ఎందుకంటే అతనికి రెండు వైపులా తెలుసు. రోగులకు మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. తర్వాత ఖజా ఉంచుకోవచ్చు. ఎప్పటికీ ఉండలేనివారు ఫిదియా ఇవ్వవచ్చు. ఇన్సులిన్ ఎక్కువ మోతాదులో తీసుకునేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, ఇటీవల షుగర్ బాగా పడిపోయినవాళ్లు ఉండకపోవడమే మంచిది. మాత్రల మీద అదుపులో ఉన్నవాళ్లు చాలామంది ఉండవచ్చు. కానీ మోతాదులు సహెరీకి, ఇఫ్తార్‌కు తగ్గట్టు డాక్టరు మార్చాలి. వేలి నుంచి రక్తం చుక్క తీసి చూస్తే రోజా పోదని అత్యధిక ఉలమాల మాట. ఆ చుక్కలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ క్షణమే రోజా విప్పాలి, మగ్రిబ్‌కు ఇంకో పావుగంటే ఉందని ఆగకూడదు. దసరా నవరాత్రుల్లో, కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి ఉపవాసముండే మిత్రులు కూడా ఈ అంకెలు రాసుకోండి.

దీనికి రంజాన్ మొదలయ్యాక వస్తే ఆలస్యం. ఆరు వారాల ముందు రావాలి. అందుకే మా ఆదివారం పిల్లలు ఈసారి మూడు ఊళ్లలో మూడు శిబిరాలు పెడదామంటున్నారు. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు దొరికింది. కోదాడలో మసీదు కమిటీవాళ్లు మదర్సా గది ఇస్తామన్నారు, కానీ ముస్లిమేతరులు రావడానికి మొహమాటపడతారేమోనని ఇంకో చోటు చూస్తున్నాం. సూర్యాపేటకు ఈ బడి రెండు గదులు అడిగాను, హెడ్మాస్టర్ గారు సరేనన్నారు. ఆడవాళ్లకు ఒక గది, అందులో మన బడిలోనే చదివిన ఇద్దరు లేడీ డాక్టర్లు కూర్చుంటారు. స్ట్రిప్పులకు, మూడు గ్లూకోమీటర్లకు డబ్బు కావాలి. రసీదు పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఉంది. మందుల కంపెనీల బ్యానరు మాత్రం కట్టం. సామాను కొన్న లెక్క కాగితం అదే గోడ మీద అంటిస్తాం. భోజనాల తర్వాత బయట చెట్టు కింద ఉంటాను, పేర్లు ఇవ్వదలచినవాళ్లు అక్కడికి రండి.